గెలిచిన నాయకుడు, ఓడిన వర్గము

రాజకీయ పక్షమొకటి తన నాయకుని తానే ఎన్నుకొనవలసివచ్చిన దినమున దాని బలమును బలహీనతయు ఒక్కమారే వెలికివచ్చును. శాసనసభ ఎన్నికలలో ప్రత్యర్థి వేరొక జెండా క్రింద నిలుచును గనుక, ఓడినవాడు తన దారిని తాను పోయి మరల ఐదేండ్లకు సన్నద్ధుడగును. పక్షములోపలి ఎన్నికలో మాత్రము ఓడినవాడును గెలిచినవాడును మరునాడు ఒకే కార్యాలయమున, ఒకే వేదికమీద, ఒకే మాటకు కట్టుబడి కూర్చుండవలెను. అట్లు కూర్చుండుట సాధ్యమైనచో ఎన్నిక సఫలము. కానిచో ఓట్ల లెక్క ఎంత సరియైనదైనను పక్షము చీలును. ఈ సత్యమును తెలుగువారికి 1951లో జరిగిన ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షుని ఎన్నిక బోధించినంత స్పష్టముగా మరియే సంఘటనయు బోధింపలేదు. దాని ఫలితములు శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారమైన మనకు మిక్కిలి సమీపముననే కానవచ్చును.

ఆంధ్రరాష్ట్రము 1953లో అవతరించినది గాని, ఆంధ్ర కాంగ్రెసు 1918 నాటికే మద్రాసునుండి వేరుపడి ప్రత్యేక సంఘముగా నెలకొనియుండెను. రాష్ట్రము లేని ఆ కాలమున సంఘమే రాష్ట్రస్వరూపముగా భాసించెను; కావున దాని అధ్యక్షుడు రానున్న రాష్ట్రమునకు కాబోవు నాయకుడని జనులు తలచుట సహజమే. ఆ పీఠమునకు పోవు మెట్లు గ్రామముననే ఆరంభమగును. 1920 నాగపూరు మహాసభ ఆమోదించిన నిబంధనావళి ననుసరించి నాలుగణాలు చెల్లించి రసీదు పొందిన ప్రతివాడును కాంగ్రెసు సభ్యుడు. అతని ఓటు క్రింది సంఘమును, క్రింది సంఘము జిల్లాను, జిల్లా రాష్ట్రసంఘమును నిలబెట్టును. రసీదు పుస్తకములు ఎవరి చేతికి చిక్కినవి, వందలకొలది పేర్లకు రుసుము ఒక్క చేతినుండియే ఎట్లు వచ్చినది, జాబితాలోని మనుష్యులు ఆ యూర నిజముగా నున్నారా లేరా, అను తగవులు వర్గములు ముదిరిన ప్రతి పక్షమునను ఇచ్చటనే పుట్టును. వేదికమీది మహోపన్యాసములకంటె ఆ చిన్న రసీదు పుస్తకమే నాయకుని నిర్ణయించుటలో ఎక్కువ శక్తి గలది. దానిమీద ఉభయవర్గములకును నమ్మకము లేనప్పుడు ఎన్నిక జరుగకమునుపే చీలికకు బీజము పడినదన్నమాట.

1951 నాటికి ఆంధ్ర కాంగ్రెసున ముగ్గురు మహానాయకుల వర్గము లుండెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1946 ఏప్రిలులో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానియై, సంవత్సరమైనను నిండక, 1947 మార్చిలో సొంత పక్షమువారిచేతనే పదవీచ్యుతులైరి. ఆ గాయము మానలేదు. రైతులను కూడగట్టి సంఘశక్తిగా మలచిన ఆచార్య రంగాగారు అప్పటికి అధ్యక్షపీఠమున నుండిరి. అఖిల భారత కాంగ్రెసునకు అధ్యక్షులుగా పనిచేసిన పట్టాభి సీతారామయ్యగారి వర్గము మూడవది. ప్రకాశంగారును రంగాగారును ఒక వైపునకు రాగా, పట్టాభి వర్గము అప్పటికి ముప్పదియెనిమిదేండ్లైనను నిండని నీలం సంజీవరెడ్డిగారిని నిలబెట్టెను. పోటీలో రంగాగారు ఓడిరి, సంజీవరెడ్డిగారు అధ్యక్షులైరి. ఎన్నిక ముగిసినది గాని తగవు ముగియలేదు; ప్రకాశం, రంగా ఇరువురును తమ అనుచరులతో కాంగ్రెసును విడిచిరి. వెలుపలికి వచ్చినవారైనను ఒక్కటిగా నిలువజాలక, రంగాగారు కృషికార్ లోక్ పార్టీని స్థాపింపగా, ప్రకాశంగారు ఆచార్య కృపలానీ నెలకొల్పిన కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరిరి. ఆ కృపలానీ సైతము 1950లో అఖిల భారతాధ్యక్ష పదవికి పోటీచేసి, టాండన్‌గారికి 1306 ఓట్లు రాగా 1092 ఓట్లతో ఓడి, మరుసటి యేడు కాంగ్రెసును వీడినవారే యనుట గమనింపదగినది.

ఈ చీలిక మన తీరమున ఎట్లు ప్రతిఫలించినదో చూతము. శ్రీకాకుళము జిల్లాగా ఏర్పడి అప్పటికి ఏడాదియైనను కాలేదు. విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోని పట్టణముగానే యుండెను. బారువలో గీతవృత్తి కుటుంబమున జన్మించి, రైతు ఉద్యమమున రంగాగారిని గురువుగా భావించిన గౌతు లచ్చన్నగారు గురువును వదలక ఆయనతోడనే నడచిరి. ఆయన వెంట ఎందరో గ్రామకార్యకర్తలు కాంగ్రెసునకు దూరమైరి. విజయనగరమున పూసపాటి పి.వి.జి. రాజుగారు సోషలిస్టు జెండాను పట్టియుండిరి. 1952 ఎన్నికలలో శ్రీకాకుళపు లోక్‌సభ స్థానమును బొడ్డేపల్లి రాజగోపాలరావుగారు స్వతంత్రులై గెలిచిరి. మద్రాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు దక్కినవి 152 మాత్రమే. ప్రతిపక్షములు ప్రకాశంగారిని నాయకునిగా ఎన్నుకొన్నను, గవర్నరు రాజాజీని ఎగువసభకు నామినేటు చేసి ఆయనకే ప్రభుత్వము నప్పగించెను. తెలుగునాట ఇల్లు చీలిన కాంగ్రెసు, అధికారమును నిలుపుకొనుటకు తన ప్రజాబలమునుగాక అట్టి ఉపాయమును ఆశ్రయింపవలసివచ్చెను.

అయితే ఆ కథ అంతటితో ఆగలేదు. గాయపడిన పక్షము తన్ను తాను మాన్పుకొన్న తీరు కూడ మనము స్మరింపదగినదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు, కాంగ్రెసును విడిచిపోయిన ప్రకాశంగారే ప్రథమ ముఖ్యమంత్రి కాగా, 1951 పోటీలో గెలిచిన సంజీవరెడ్డిగారు ఆయనక్రింద ఉపముఖ్యమంత్రిగా నుండుటకు సమ్మతించిరి. కల్లుగీతవారి జీవనమును దెబ్బతీసిన మద్యనిషేధ వివాదముపై ఆ ప్రభుత్వము 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయినను, సయోధ్యకు పడిన బాట చెరగలేదు. 1955 ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలిచి, 196 స్థానములలో వరుసగా 119, 22, 5 చొప్పున మొత్తము 146 గెలిచినవి; కమ్యూనిస్టులకు దక్కినవి 15. ఈ విజయమునకు ఇతర కారణములును కలవు గాని, నాలుగేండ్ల క్రిందట విడిపోయినవారు మరల ఒకే వేదిక నెక్కకుండిన యెడల అది సాధ్యమై యుండెడిది కాదు. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైనప్పుడును సంజీవరెడ్డిగారు రెండవ స్థానముననే యుండిరి. గెలిచినవాడు ఒక మెట్టు దిగుట పక్షమునకు ఎంత మేలు చేయునో ఆయన నడత చెప్పుచున్నది.

లోపలి పోరు భయమున ఎన్నికనే మాని, నాయకుని పైనుండి నియమించుట సులభోపాయమని తోచవచ్చును. 1978 మొదలు 1983 వరకు ఆంధ్రప్రదేశమున జరిగినది అదియే. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డిగార్లు ఒకరి తరువాత నొకరు ముఖ్యమంత్రులైరి. శాసనసభ్యుల సమావేశము జరుగుట, ఢిల్లీ నిర్ణయమును తలయూచి ఆమోదించుట పరిపాటియయ్యెను. పేరునకు ఏకగ్రీవమే గాని, ఆ నాయకునికి తనవారి అండ లేదు; తనవారికి ఆతనిపై హక్కు లేదు. ఆ అవమానభావనయే 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశమునకు ఊపిరియై, తొమ్మిది నెలలు దాటగానే దానిని అధికారమున కూర్చుండబెట్టెను. ఆ తెలుగుదేశమునకును పరీక్ష తప్పలేదు. 1994లో 216 స్థానములు గెలిపించి, హిందూపురముతోపాటు మన టెక్కలిలోను విజేతయైన పక్షస్థాపకులు రామారావుగారిని, ఏడాదియైనను తిరుగకముందే, 1995 ఆగస్టులో శాసనసభ్యులలో అధిక సంఖ్యాకులు విడిచి చంద్రబాబునాయుడుగారిని నాయకునిగా ఎన్నుకొనిరి. సంఖ్యాబలము ప్రభుత్వమును నిలిపినది. స్థాపకునికి మాత్రము ఆ పక్షమున చోటు మిగులలేదు. 1996 జనవరి 18న ఆయన పరమపదించువరకు ఆ రెండు వర్గముల నడుమ సంధి కుదరలేదు.

ఇతర దేశములలోను ఈ చిక్కు కలదు. 1963లో బ్రిటనులోని కన్సర్వేటివు పక్షము ఓటింగు లేకుండ, పెద్దల సంప్రదింపులతో హ్యూమ్ ప్రభువును నాయకునిగా నిర్ణయించగా, ఇరువురు ప్రముఖులు ఆయన మంత్రివర్గమున చేరుటకే నిరాకరించిరి. గుణపాఠము నేర్చిన ఆ పక్షము 1965లో పార్లమెంటు సభ్యులచేత రహస్య ఓటు వేయించెను; హీత్‌గారికి 150, మాడ్లింగ్‌గారికి 133, పావెల్‌గారికి 15 వచ్చినవి. గెలిచిన హీత్ తన వెనువెంట నిలిచిన మాడ్లింగ్‌ను ఉపనాయకునిగా గైకొని, పావెల్‌కును ప్రముఖస్థాన మొసగెను. ఎన్నిక చేసిన విభజనను ఆ నియామకములు పూరించినవి.

ఈ అనుభవములనుండి పక్షములు నేర్వవలసిన ధర్మములు మూడు. పోటీకి పూర్వమే సభ్యుల జాబితాను ఉభయవర్గముల సమక్షమున పరిశీలించి, తప్పుడు పేర్లను తొలగింపవలెను. ఓటు రహస్యముగా జరిగి, లెక్క అందరి యెదుట తేలవలెను. గెలిచినవాడు మొదటి వారముననే ఓడినవాని యింటికి తానే పోయి, బాధ్యత గల పదవిని, మాటకు విలువను ఇయ్యవలెను. మొదటి రెండును నిబంధనావళి చేయగలదు. మూడవది నాయకుని హృదయముమీద ఆధారపడినది, కాని అన్నిటికన్న ముఖ్యమైనది అదియే.

అది లోపించినచో పక్షము పోగొట్టుకొను సంపద ఎట్టిదో తెలియుటకు శ్రీకాకుళముననే నిదర్శనము కలదు. 1955 కూటమి తరువాత కాంగ్రెసునకు మరల దూరమైన లచ్చన్నగారు 1967లో స్వతంత్ర పార్టీ పక్షమున సోంపేట శాసనసభ స్థానమును, శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును రెంటిని గెలిచిరి. అప్పుడే వేరొకచోట ఓడిన రంగాగారికై ఆయన లోక్‌సభ స్థానమును వదలుకొనగా, ఉపఎన్నికలో మన ఓటర్లు ఎక్కడనో నిడుబ్రోలునుండి వచ్చిన ఆ వృద్ధ రైతునాయకుని గెలిపించి పార్లమెంటునకు పంపిరి. గెలిచిన పదవిని గురువునకై త్యజింపగల శిష్యుడు, ఆ శిష్యుని మాటను మన్నించిన ప్రజలు ఏ పక్షమునకైనను తరతరముల నిధులు. 1951లో ఓడినవారికి గౌరవముతో చోటిచ్చియుండినచో ఆ నిధి కాంగ్రెసు ఇంటనే నిలిచియుండెడిదేమో. నేడు మన రాష్ట్రమున ఏ పక్షము అధ్యక్షుని మార్చినను, ఏ జిల్లా సమితిలో వర్గములు తలయెత్తినను, ఆ పక్షమువారు మొదట ఆలోచింపవలసినది ఎవరిని గెలిపింపవలెనని మాత్రమే గాదు. ఓడినవారిని ఎట్లు నిలుపుకొనవలెనను దానికి సమాధానము చేతనుంచుకొనియే ఎన్నిక తేదీని ప్రకటింపవలెను.