ఒడ్డెక్కిన నౌక... అరుగెక్కిన బావ

మాది జనగామ. నా పుట్టిల్లు మానుకోట, అదే మహబూబాబాద్. మా అక్కనిచ్చింది భూపాలపల్లి. ఈ మూడూళ్లూ గాలించినా చెరువులే తప్ప సముద్రం కనపడదు. అలాంటి నేను యుద్ధనౌకల గురించి రాస్తానంటే మీకు నవ్వొస్తుందేమో! కారణముంది, చెప్తాను.

మా బావ సింగరేణి కార్మికుడు. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో దిగాడు. రెండేళ్ల క్రితం రిటైరయ్యాడు. దండలేశారు, శాలువా కప్పారు, డప్పులతో ఇంటిదాకా తెచ్చి దింపారు. అసలు కథ మర్నాటి నుంచి మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, తయారై, అరుగుమీద కూర్చునేవాడు. పోవడానికి డ్యూటీ లేదు. కూరలో ఉప్పు తగ్గిందని, టీవీ మోత ఎక్కువైందని అక్కమీద విసుగు. క్రమంగా ఆ మాటలూ తగ్గిపోయాయి. "మనిషి ఇంట్లనే ఉన్నడు గని, లేనట్టే ఉన్నడే చెల్లే" అని అక్క ఫోన్‌లో ఏడ్చింది.

మార్పు ఉంటుందని అందరం విశాఖపట్నం బయల్దేరాం. ఆర్కే బీచ్‌లో పిల్లల కోసమని ఐఎన్‌ఎస్ కుర్సుర ఎక్కాం. అది జలాంతర్గామి. 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. సముద్రంలోంచి ఒడ్డుకు లాగి, ఇసుకలో నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. తొంభై మీటర్ల పొడవు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదగాల్సిందే! అందులోనే డెబ్బై అయిదుమంది దాకా ఉండేవారట. అరల్లాంటి పడకలు, చిన్న వంటగది, చుట్టూ గొట్టాలు, మీటర్లు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంత గుండా దూరాలి. నేనూ అక్కా చీర కుచ్చిళ్లు పట్టుకుని అవస్థ పడుతుంటే బావ చటుక్కున వంగి, అవతల తేలాడు. బాయిలో వంగి నడిచిన నడుము కదా! "లోపల గాలి ఎట్ల సార్?" అని గైడును అడిగాడు. అక్కడ చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. పైకి తేలినప్పుడు డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవడం, మునిగాక ఆ కరెంటుతోనే సాగడం... ఆయన ఓపిగ్గా చెప్పాడు. బావ బాయి సంగతులు చెప్పాడు. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి కూలుతుందో నిలుస్తుందో పసిగట్టడం... ఇద్దరికీ చీకటి తెలుసు, షిఫ్టులు తెలుసు. నెలల తర్వాత బావ గొంతు అంతసేపు వినడం అదే!

"అన్ని ఓడలనూ ఇట్లనే పెడ్తరా?" అన్నాడు చివరికి. గైడు తల అడ్డంగా ఊపాడు.

నిజమే. విక్రాంత్ సంగతే చూడండి. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో నిలిచి, విమానాలను పంపి శత్రువు రేవులను దెబ్బతీసిన నౌక అది. దాన్ని వేటాడ్డానికొచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గరే మునిగిపోయింది. 1997 జనవరి 31న విక్రాంత్ విరమించింది. ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంచారు గానీ, పోషించలేక 2014లో తుక్కుకు అమ్మేశారు. ఆ ఉక్కులో కొంత కరిగించి బజాజ్ వాళ్లు 2016లో 'వి' అనే మోటార్‌సైకిల్ పెట్రోలు ట్యాంకులో కలిపారు. మా మరిది బండి అదే! జనగామ అంగడి నుంచి మా ఇంటికి కూరగాయలొచ్చేది దానిమీదే!

విరాట్ కథ మరీ దిగులు. 1959లో బ్రిటన్‌లో కొలువు మొదలుపెట్టి, 1987లో మన దగ్గరికొచ్చి, 2017 మార్చి 6న విరమించింది. దాన్ని విశాఖలో మ్యూజియంగా నిలపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశపడింది. కుదరలేదు. 2020 సెప్టెంబరులో గుజరాత్‌లోని అలంగ్‌కు లాక్కెళ్లారు. 2021లో సుప్రీంకోర్టు కొన్నాళ్లు ఆపింది గానీ, అప్పటికే కొంత విరగ్గొట్టేశారు.

నౌకకూ వీడ్కోలు సభ ఉంటుంది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌కు 41 ఏళ్ల సేవ తర్వాత 2021 మే 21న విశాఖలోనే వీడ్కోలు పలికారు. కరోనా రోజులు కనక కొద్దిమందితోనే సరిపెట్టారు. పొద్దుగుంకే వేళ జెండా దించుతారు. ఆ జెండా మళ్లీ ఎగరదు.

ఇదంతా విని బావ ఏం మాట్లాడలేదు. రాత్రి బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ, "తుక్కుల పడేసినా బండై తిరుగుతున్నది గదా!" అన్నాడు, తనలో తనే. ఇప్పుడు సాయంత్రాలు వాడకట్టు పిల్లలు ఆయన చుట్టూ చేరి బాయి కథలు అడుగుతున్నారట. మనిషి పూర్తిగా మారాడని చెప్పను. విసుగు ఇంకా ఉంది. అరుగుమీద మాత్రం ఒంటరిగా లేడు.

రిటైరైన మగవాళ్లు ఇంట్లో ఉంటే మనం రెండు పనులు చేస్తాం. అయితే మ్యూజియంలో బొమ్మలా ఓ కుర్చీలో కూర్చోబెడతాం, లేదంటే అడ్డమొచ్చిన తుక్కులా విసుక్కుంటాం. ఒక్కసారి పక్కన కూర్చుని, "మీ పనెట్లా ఉండేది?" అని అడిగి చూడండి.

ఇంకొక్క మాట. తిరుగు రైల్లో టిఫిన్ డబ్బా విప్పుతున్న అక్కను చూశాను. ముప్పై ఏళ్లుగా బావ కంటే ముందే లేచి, ఆయన క్యారేజీ కట్టిన మనిషి. ఆమెకు దండ ఎవరేశారు? ఆమె రిటైర్మెంటు ఎప్పుడు? అదే అడిగాను. అక్క నవ్వి ఊరుకుంది. బావ మాత్రం ఆ నవ్వు చూసి, మారు మాట్లాడకుండా డబ్బా అందుకుని అందరికీ తనే వడ్డించాడు.