గుర్రం మేసినంత మేర

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ పక్కనున్న కోహీర్ పేరు చెబితే నేటి తెలుగువారికి ముందుగా జామపండ్లే గుర్తుకొస్తాయి. అయితే బహమనీల కాలంలో కట్టిన జామా మసీదు, ఇద్దరు ముస్లిం సాధువుల సమాధులు ఉన్న ఈ ఊరు బీదరుకు ఆగ్నేయంగా దాదాపు 38 కిలోమీటర్ల దూరంలో, బీదరు గోల్కొండల నడుమ, దక్కన్ సుల్తానులు మూడు వందల ఏళ్ల పాటు గుర్రాల బలంతో నిలబెట్టుకున్న సరిహద్దు నేలలో ఉంది. ఆ సరిహద్దు కథ మొదలైన కోట మాత్రం ఇక్కడికి ఉత్తరాన, నేటి కామారెడ్డి జిల్లా జుక్కల్ ప్రాంతపు గుట్టల్లో ఉన్న కౌలాస్.

1347లో బహమనీ రాజ్యాన్ని స్థాపించిన అలావుద్దీన్ హసన్ బహ్మన్ షా మూడేళ్లు తిరిగేసరికి ఓరుగల్లు మీదికి దండెత్తి, కాకతీయుల పతనం తరువాత తెలుగు నేలను ఏలుతున్న ముసునూరి కాపయ నాయకుడి నుంచి కౌలాస్ కోటను రాయించుకున్నాడు. అతని కొడుకు మొదటి మహమ్మద్ షా కాలంలో కాపయ నాయకుడు కుమారుడైన వినాయకదేవుణ్ణి పంపి కౌలాస్‌ను తిరిగి గెలుచుకోవాలని చూశాడు గాని అది ఫలించలేదు సరికదా, చివరకు గోల్కొండను కూడా వదులుకోవలసి వచ్చింది. ఇలా పదిహేనేళ్లు నిండకుండానే సరిహద్దు కౌలాస్ నుంచి గోల్కొండకు జరిగింది. కోటగోడ తన మీది నుంచి వేసిన బాణం పడే దూరాన్ని మాత్రమే కాయగలదని, కోటలోని రౌతులు పొద్దున బయలుదేరి పొద్దుగూకేలోగా తిరిగి రాగలిగిన మేరంతా ఆ కోట ఏలుబడే అవుతుందని గ్రహిస్తే గాని ఈ వేగం అర్థం కాదు. రౌతు అంటే గుర్రపు సైనికుడు. కాకతీయుల కాలంలో అశ్వదళాన్ని, లాయాలను చూసే అధికారిని సాహిణి అనేవారు కాబట్టి గుర్రపు యుద్ధం తెలుగు రాజులకు కొత్తేమీ కాదు. గుర్రాలు దొరకడమే కష్టం.

ఆ కష్టం ఎంతటిదో, పదిహేడో శతాబ్దం ఆరంభంలో బిజాపూరులో ఉండి చరిత్ర రాసిన ఫెరిష్తా చెప్పిన ఒక సంఘటన చూపుతుంది. సుల్తాను కోసం తెస్తున్న మేలు జాతి గుర్రాలను వినాయకదేవుడు దారిలో బలవంతంగా తీసుకున్నాడని వర్తకులు మొరపెట్టుకోగా, మహమ్మద్ షా నాలుగు వేల రౌతులతో మెరుపులా వెళ్లాడట. దొంగలు దోచుకున్న గుర్రపు వర్తకుల వేషంలో కొందరిని ముందుగా పంపి, ద్వారపాలకులను ఏమార్చి పట్టణంలోకి చొరబడి, వినాయకదేవుణ్ణి చంపించాడట. అయితే తిరుగు దారిలో తెలుగు దళాలు అడుగడుగునా అడ్డుపడడంతో సుల్తానుకు చేతికి గాయమై, వెళ్లిన నాలుగు వేలలో పదిహేను వందల మందే వెనక్కి చేరారని ఫెరిష్తాయే రాశాడు. అతని అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా నమ్మనక్కరలేదు. కాని ఒక రాజకుమారుడి చావుకు గుర్రాల బేరం కారణమైందంటే ఆ కాలపు పాఠకులు ఆశ్చర్యపోయి ఉండరు.

దక్కన్‌లో మేలైన గుర్రం పుట్టదు, సముద్రం దాటి రావాలి. అరేబియా, పారసీక దేశాల గుర్రాలు హోర్ముజ్ రేవు నుంచి ఓడల మీద పడమటి తీరానికి, అక్కడి నుంచి కనుమలెక్కి బీదరుకు వచ్చేవి. 1470 ప్రాంతంలో బీదరులో ఉన్న రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ తానే ఒక మగ గుర్రాన్ని అమ్ముకోవాలని వెంట తెచ్చాడు. జున్నర్‌లో అక్కడి అధికారి దాన్ని లాక్కుని, మతం మారితేనే తిరిగి ఇస్తానని బెదిరించగా, ఎలాగో విడిపించుకుని చివరకు బీదరులో అమ్మాడు. ఆళంద్‌లో ఏటా జరిగే జాతరకు ఇరవై వేల గుర్రాలు వస్తాయని, ఇక్కడ గుర్రాలకు శనగలు పెడతారని, చక్కెర, నూనె వేసి వండిన కిచిడీ కూడా తినిపిస్తారని అతను రాసుకున్నాడు. జొన్న రొట్టెతో పొట్ట నింపుకునే పల్లెల నడుమ చక్కెర కిచిడీ తిన్న ఆ గుర్రాలను తలచుకుంటే, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత బరువు తెలుస్తుంది. కోహీర్, జహీరాబాద్‌ల చుట్టూ నేటికీ శనగ, జొన్న, కంది పండుతాయి. గింజ దాణాకు, జొన్న చొప్ప మేతకు పనికొచ్చే ఇలాంటి మెట్ట నేల లేకుంటే ఎంతటి కోట అయినా ఖాళీ లాయమే.

మేతతో పాటు జీతం కూడా ఉండాలి. రాజ్యాన్ని తరఫులు అనే రాష్ట్రాలుగా విభజించి ఒక్కొక్క దాన్ని ఒక తరఫ్‌దారుకు అప్పగించే బహమనీ పద్ధతిలో, ఆ అధికారి తన భూముల ఆదాయంతో ఇంతమంది సైనికులను పోషించాలని నియమం ఉండేది. లెక్కలో ఐదు వందలు, లాయంలో మూడు వందలు ఉండడం మామూలు మోసం. వర్తకుడిగా వచ్చి ప్రధాని అయిన మహమూద్ గవాన్ ఐదు వందల మందిని పోషించే అధికారికి ఇచ్చే మొత్తాన్ని లక్ష హొన్నుల నుంచి లక్షా ఇరవై ఐదు వేలకు పెంచి, తక్కువ పడిన ప్రతి సైనికుడికీ ఆ మేరకు కోత పెట్టాడు. ఒక్కో తరఫ్‌లో ఒక్క కోటను మాత్రమే తరఫ్‌దారు చేతిలో ఉంచి, మిగిలిన వాటికి సుల్తానే నేరుగా అధికారులను నియమించేలా చేశాడు. ఇన్ని కోతలు పెట్టినవాడికి శత్రువులు పుట్టకుండా ఉంటారా? కుట్రతో సృష్టించిన ఒక లేఖను సాక్ష్యంగా చూపి 1481లో అతనికి మరణశిక్ష వేయించారు, ఆ తరువాత రాజ్యం ముక్కలై బీదరు బరీద్ షాహీలకు, గోల్కొండ కుతుబ్ షాహీలకు దక్కడంతో కోహీర్ ప్రాంతం ఆ రెంటి మధ్య నలిగింది.

1657లో ఔరంగజేబు ముట్టడించిన బీదరు కోట మొగల్ రౌతుల వల్ల కాక, బురుజు వెనుక నిల్వ ఉంచిన మందుగుండు పేలి కోటకు అధిపతి సిద్ది మర్జాన్ తీవ్రంగా కాలి చనిపోవడం వల్ల లొంగిపోయింది. 1687లో గోల్కొండ కూడా మొగలుల వశం కావడంతో బీదరు గోల్కొండల మధ్య సరిహద్దు అన్నదే లేకుండా పోయినా, గుర్రాన్ని భూమితో పోషించే పద్ధతి మాత్రం ఆసఫ్ జాహీల కాలంలోనూ సాగింది. సొంత గుర్రంతో కొలువులో చేరేవాడు సిలేదారు, యజమాని గుర్రమెక్కేవాడు బారుగీరు. ఇద్దరి జీతాలకు జాగీరు భూములే ఆధారం. నిజాం సొంత దళాలను పోషించడానికి పెద్ద జాగీర్లు పొందిన వంశానికి పైగా అని పేరు. పారసీకంలో లాయాన్ని సూచించే మాట నుంచి అది వచ్చిందని చెబుతారు. కోహీర్ పక్కనున్న జహీరాబాద్‌కు ఆ పేరు పైగా వంశీయుడైన నవాబు జహీరుద్దీన్ ఖాన్ వల్ల వచ్చినదే. కౌలాస్ మాత్రం రాజపుత్ర వంశపు సంస్థానంగా మిగిలి, 1857 తిరుగుబాటు అనంతరం దాని రాజు దీప్ సింగ్ కుట్ర కేసులో శిక్ష అనుభవించాడు.

హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1956లో భాషా రాష్ట్రాల ఏర్పాటుతో బీదరు మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, అప్పటిదాకా బీదరు జిల్లాలో ఉన్న జహీరాబాద్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో చేరింది. కోహీర్‌కూ బీదరుకూ మధ్య మళ్లీ ఒక సరిహద్దు వచ్చింది.