పాత కారు కొనేముందు ఒకే దారిలో నడిపి చూడండి

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆటో ఎక్కించాలంటే ఇద్దరం చెరో వైపు పట్టుకోవాలి. అందుకే కూడబెట్టిన డబ్బుతో పాత కారు కొనాలనుకున్నాము. మళ్లీ అంత సొమ్ము కూడబెట్టే వయసు మాకు లేదు. పొరపాటు జరిగితే దిద్దుకోలేము.

విజయవాడలో మా స్తోమతకు తగినవి మూడు దొరికాయి: వాగన్ ఆర్, సెలేరియో, గ్రాండ్ ఐ10. మూడూ పెట్రోలువే, 2016వ సంవత్సరానివే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వీధుల్లో నడిపి చూశాము. ఇంటికొచ్చాక ఏది మేలో తేల్చుకోలేకపోయాము.

ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ నవ్వి, "రోడ్డు మారితే బండి కూడా మారినట్టే ఉంటుందండీ. మూడింటినీ ఒకే దారిలో నడపండి. ముందు టైర్లలో గాలి చూడండి" అన్నాడు.

ఆ మాట ఎంతో మేలు చేసింది. గాలి తక్కువైతే మంచి స్టీరింగు కూడా బరువుగా తోస్తుంది. అందుచేత గాలి సరిచేయించి, ఏ.సి. వేసి, గతుకుల వీధి, ఖాళీ రోడ్డు, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఒకే వరుసలో తిరిగాము.

అప్పుడు బండి స్వభావం వేరు, జబ్బు వేరు అని అర్థమైంది. వాగన్ ఆర్, సెలేరియోలది మూడు సిలిండర్ల ఇంజను. ఆగి ఉన్నప్పుడు కాస్త వణుకు సహజం. గ్రాండ్ ఐ10కి నాలుగు సిలిండర్లు, కాబట్టి నిదానంగా ఉంటుంది. ఆ వణుకు చూసి భయపడనక్కరలేదు.

జబ్బు వేరేచోట బయటపడింది. మూడింటిలో బాగా మెరిసిపోతున్న బండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, యాక్సిలరేటరు తొక్కితే మోత పెరిగిందే గాని వేగం పెరగలేదు. క్లచ్ ప్లేటు అరిగిందన్నమాట! ముందే స్టార్టు చేయవద్దని చెప్పినా, మేము వెళ్లేసరికి దాని బానెట్ వేడిగా ఉంది. చల్లటి ఇంజను చెప్పే నిజాన్ని వేడి ఇంజను దాచేస్తుంది. దాన్ని వదులుకున్నాము.

మీరు చూసేటప్పుడు ఇవి కూడా గమనించండి. చదునైన రోడ్డుపై బండి ఒక పక్కకు లాగుతోందా? బ్రేకు వేస్తే స్టీరింగు అదురుతోందా? పూర్తిగా తిప్పి నడిపితే చక్రాల దగ్గర టకటక శబ్దం వస్తోందా? టైరుపై చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. పాత టైర్ల మోతను ఇంజను మోతగా పొరబడవచ్చు.

చివరకు అమ్మను కూర్చోబెట్టాము. వాగన్ ఆర్ సీటు ఎత్తుగా ఉండటంతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తానే దిగింది. అదే కొన్నాము. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు సరిచూసి, 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు చేయించుకున్నాము. ఇన్సూరెన్సు మా పేరుకు మార్చమని 14 రోజుల లోపే దరఖాస్తు ఇచ్చాము.

కొనేముందు ఒక ఉదయం ఖర్చు చేయండి, ఇంట్లోవారందరినీ ఎక్కించండి. రంగు చూసి మురిసిపోవడం కంటే అది ఎంతో మేలు.