మొదటి బంతి నుంచే బాదుడు: చిన్నస్వామి విశేషాలు

ఐపీఎల్ పుట్టిన రాత్రి, 2008 ఏప్రిల్ 18న, బెంగళూరు చిన్నస్వామి మైదానంలోకి రెండు రకాల ఓపెనర్లు దిగారు. కోల్‌కతాకు బ్రెండన్ మెకల్లమ్, బెంగళూరుకు రాహుల్ ద్రవిడ్, వసీం జాఫర్. మెకల్లమ్ మొదట్లో కాస్త తడబడ్డాడు. తర్వాత జహీర్ ఖాన్ ఓవర్లో ఫోర్, ఫోర్, సిక్స్, ఫోర్. ఇక ఆగలేదు. 73 బంతుల్లో 158 నాటౌట్, 13 సిక్సర్లు. జట్టు స్కోరు 222. జవాబుగా బెంగళూరు 82కే ఆలౌట్. ద్రవిడ్, జాఫర్ కలిసి చేసింది 8. ఎక్స్‌ట్రాలే 19 వచ్చాయి, ఏ బ్యాటరూ అంత కొట్టలేదు!

కొత్త బంతి మెరుపు పోయేదాకా ఓపెనర్ ఓపిక పట్టాలి, బాదేవాళ్లు ఆఖర్న రావాలి అన్నది మన కోచ్‌లు తరతరాలుగా చెప్పిన పాఠం. దాన్ని బెంగళూరు తిరగరాసినంతగా మరో మైదానం తిరగరాయలేదు.

దెబ్బతిన్న ఆ జట్టే తర్వాత క్రిస్ గేల్‌ను తెచ్చుకుంది. 2011 వేలంలో అతణ్ణి ఎవరూ కొనలేదు. సీజన్ మధ్యలో డర్క్ నానెస్ గాయపడితే బదులుగా పిలిపించారు. రెండేళ్లకు, 2013 ఏప్రిల్ 23న, పుణె వారియర్స్ మీద 30 బంతుల్లో సెంచరీ కొట్టాడు. అప్పటికి తొమ్మిది ఓవర్లు కూడా పూర్తి కాలేదు. చివరికి 66 బంతుల్లో 175 నాటౌట్, 13 ఫోర్లు, 17 సిక్సర్లు. లెక్క వేయండి: 154 పరుగులు బౌండరీల్లోనే వచ్చాయి, పరుగెత్తి తీసింది 21. టీ20ల్లో అత్యధిక వ్యక్తిగత స్కోరు ఇప్పటికీ ఇదే. వేగవంతమైన సెంచరీ రికార్డును మాత్రం 2024లో ఎస్టోనియాకు ఆడే సాహిల్ చౌహాన్ 27 బంతులకు దించాడు. పుణెతో ఆ మ్యాచ్‌లో 263 కొట్టిన బెంగళూరు 130 పరుగుల తేడాతో గెలిచింది. చాలదన్నట్టు ఆఖర్లో గేల్ బంతి అందుకుని రెండు వికెట్లు కూడా తీశాడు.

ఆ ఇన్నింగ్స్‌లో అసలు సంగతి సిక్సర్ల సంఖ్య కాదు, బంతుల వాటా. జట్టుకు దక్కేది 120 బంతులు, అందులో 66 గేల్‌వే. అదే మనిషి ఐదో నంబర్లో దిగి ఉంటే ఏ ఇరవై బంతులో దక్కేవి. పైగా మొదటి ఆరు ఓవర్లలో సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు. గట్టిగా కొట్టగలవాడికి ఇంతకన్నా మంచి వేళ ఏముంటుంది?

బాదేవాణ్ణి ముందు పంపాలా, తర్వాతా అన్న గొడవ అమెరికాలో బేస్‌బాల్ వాళ్లూ పడ్డారు. అక్కడ ఆనవాయితీగా మొదట దిగేది చురుగ్గా పరుగెత్తేవాడు. బలంగా కొట్టేవాడు నాలుగోవాడు, ఎందుకంటే అప్పటికి ముందువాళ్లు బేసుల మీదికి చేరి ఉంటారు, ఒక్క హోమ్ రన్‌తో, అంటే మన సిక్సర్ లాంటి దెబ్బతో, అందరూ ఇంటికొస్తారు. అందరికన్నా ఎక్కువ బేసులు దొంగిలించిన రికీ హెండర్సనే, మొదటి బ్యాటర్‌గా ఆట మొదలుపెడుతూ 81 హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టడం ఒక వింత. కైల్ ష్వార్బర్‌ది ఇంకో వింత: 2023లో 47 హోమ్ రన్లు, 215 సార్లు స్ట్రైకౌట్, సగటు .197. అలాంటివాణ్ణి ఫిలడెల్ఫియా జట్టు మొదటి స్థానంలోనే ఉంచింది. మరుసటి ఏడాది ఆట ఆరంభంలోనే 15 హోమ్ రన్లు కొట్టి ఒక సీజన్ రికార్డు తన పేర రాసుకున్నాడు. కాకపోతే ఆట మొదలయ్యేసరికి బేసులన్నీ ఖాళీ, ఎంత దూరం కొట్టినా ఒకటే పరుగు. క్రికెట్ ఓపెనర్‌కు ఆ నష్టం లేదు, మొదటి బంతికి కొట్టినా ఆఖరి బంతికి కొట్టినా సిక్స్ ఆరే.

ఊరి పుణ్యమూ కొంత ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. గాలి పలచన, బంతి కాస్త దూరం పోతుంది. బౌండరీలూ దగ్గరే. సుమారు 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ బేస్‌బాల్‌లో ఇందుకే పేరుమోసింది. అక్కడ 2002 నుంచి బంతుల్ని తేమగదిలో దాచి ఆ జోరు కొంత తగ్గించారు. మన బౌలర్లకు ఆ దిక్కూ లేదు.

2017 మే 7న సునీల్ నరైన్ ఇక్కడ 15 బంతుల్లో అర్ధసెంచరీ కొట్టాడు. మనిషేమో స్పిన్నర్! వికెట్ పోయినా దిగుల్లేదని కోల్‌కతా అతణ్ణి ముందు పంపింది. క్రిస్ లిన్‌తో కలిసి పవర్‌ప్లేలో 105, అప్పటికి రికార్డు. 2024 ఏప్రిల్ 15న మన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఓపెనర్ ట్రావిస్ హెడ్ 39 బంతుల్లో సెంచరీ, జట్టు స్కోరు 287. బెంగళూరు 262 కొట్టీ ఓడింది. రెండూ కలిపి 549!

బాదేవాడు మొదటి బంతి నుంచీ బాదితీరాలన్న రూలేం లేదు. 2013 నవంబర్ 2న ఆస్ట్రేలియాపై వన్డేలో 209 చేసిన రోహిత్ శర్మ ఇక్కడే తొలి వందకు 114 బంతులు తీసుకున్నాడు, మిగతా 109 పరుగులకు 44. మొత్తం 16 సిక్సర్లు. తాపీగా మొదలెట్టినా ఓపెనర్ కాబట్టే అన్ని బంతులు మిగిలాయి.

అయితే కప్పు ఓపెనర్లే తెస్తారనుకుంటే పొరపాటు. 2016 మే 29 ఐపీఎల్ ఫైనల్లో ఇదే మైదానంలో హైదరాబాద్‌కు డేవిడ్ వార్నర్ 38 బంతుల్లో 69, బెంగళూరుకు గేల్ కూడా సరిగ్గా 38 బంతుల్లో 76. గేల్, కోహ్లీ తొలి వికెట్‌కు 114 జోడించేసరికి మ్యాచ్ అయిపోయిందనే అనుకున్నారంతా. హైదరాబాద్ 8 పరుగులతో గెలిచింది. కింద దిగి 15 బంతుల్లో 39 నాటౌట్ కొట్టినవాడూ, గేల్‌ను అవుట్ చేసినవాడూ ఒక్కడే: బెన్ కటింగ్.