ఆగని లోకం ఎవరిది?

నవల మూసేస్తే అందులోని పాత్రలు అడుగు కదపవు. కొన్ని కంప్యూటర్ ఆటల లోకాలు మాత్రం ఆడేవాడు వెళ్ళిపోయినా నడుస్తూనే ఉంటాయి. నేను నిరంతరత అంటున్నది దీన్నే. 2003లో వచ్చిన 'స్టార్ వార్స్ గెలాక్సీస్'లో ఆటగాడు నిద్రపోతున్నా, అతడు నిలిపిన యంత్రం ఖనిజం తవ్వుతూనే ఉండేది, అతడు కట్టిన ఇల్లు ఇతరులకు కనిపిస్తూనే ఉండేది (ఇంటి నిర్వహణ ఖర్చూ ఆగేది కాదు!). ఆ లోకపు స్థితి యావత్తూ సంస్థ సర్వర్లలో నమోదై ఉండడమే ఇందుకు కారణం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఊళ్ళు కట్టిన శ్రమ ఆటగాళ్ళది, సర్వర్లు సంస్థవి. 2011 డిసెంబరు 15న సంస్థ వాటిని ఆపేసింది. తర్వాత అభిమానులు సొంత సర్వర్ల మీద ఆటను పునర్నిర్మించుకున్నారు గానీ, పాత ఇళ్ళ నమోదులు వాళ్ళ చేతికి రాలేదు.