బట్టీకి లొంగని ప్రశ్నలు కావాలి

భౌతిక శాస్త్రంలో చేతి పనికీ మార్కులుండాలి

శ్రీకాకుళం: అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలపై ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఉదయపు కిరణాలు పడతాయి. ఏడాదికి రెండు విడతలే ఎందుకని పదో తరగతి విద్యార్థిని అడిగితే చాలామంది తడుముకుంటారు. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మాత్రం గడగడా ఒప్పజెబుతారు.

నిజానికి జవాబు కష్టమైంది కాదు. సూర్యుడు ఉదయించే చోటు ఉత్తరాయణంలో ఉత్తరానికి జరుగుతూ పోతుంది, దక్షిణాయనంలో అదే దారిన వెనక్కి వస్తుంది. అందువల్ల ఒకే చోటును రెండుసార్లు దాటుతుంది. కొన్నాళ్లు పొద్దుటిపూట నీడలు గుర్తు పెట్టుకున్న పిల్లవాడు ఈ సంగతి చెప్పగలడు.

2014లో రాష్ట్రంలో వచ్చిన పదో తరగతి పుస్తకం ప్రశ్నించడం, ప్రయోగాలు చేయడం, సమాచారం సేకరించడం, నిజజీవితంలో వినియోగించడం వంటి వాటిని విద్యా ప్రమాణాలుగా పేర్కొంది. 2024-25లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రవేశించింది. పుస్తకాలు మారినా పబ్లిక్ పరీక్ష రాత పరీక్షగానే ఉంది. ప్రయోగం చేసిన చేతికీ, ప్రయోగ విధానాన్ని బట్టీ పట్టిన నోటికీ అందులో ఒకే మార్కులు. పరీక్షలో అడగనిది తరగతిలోనూ వెనకబడిపోతుంది.

తప్పు పట్టే ప్రశ్న

రాత పరీక్షలోనూ నైపుణ్యాన్ని కొలిచే వీలుంది. విజయనగరం జిల్లా బొబ్బిలి వీణనే తీసుకోవచ్చు. తీగ బిగింపు మార్చకుండా మోగే పొడవు తగ్గిస్తే స్వరం హెచ్చుతుంది. తీగ పొడవు 60 సెంటీమీటర్లయితే సెకనుకు 120 కంపనాలు, 40 అయితే 180, 30 అయితే 210, 20 అయితే 360 అని పట్టిక ఇచ్చి, ఇందులో తప్పు అంకె ఏదో కారణంతో చెప్పమనాలి. పొడవును కంపనాలతో హెచ్చిస్తే ప్రతిసారీ 7,200 రావాలి. 30 దగ్గర రాదు, అక్కడ 240 ఉండాలి. అంకెలు మారిస్తే ఏటా కొత్త ప్రశ్నే.

దారం, రాయి చాలు

చేతి పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మీటరు పొడవు దారానికి రాయి కట్టి ఊపితే ఒక డోలనానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. దీనికి ఐదు మార్కులు ఇలా పంచవచ్చు: పొడవును రాయి మధ్య వరకు కొలిచినందుకు ఒకటి, ఒక్క డోలనం కాక 20 డోలనాల కాలం చూసినందుకు ఒకటి, మూడుసార్లు కొలిచినందుకు ఒకటి, ప్రమాణాలు రాసినందుకు ఒకటి, కొలతల్లో తేడాకు కారణం చెప్పినందుకు ఒకటి.

నమ్మకం మాటేమిటి?

పాఠశాలలు వేసే 20 అంతర్గత మార్కుల పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో తొలగించింది. ఆ మార్కులు ఉదారంగా పడుతున్నాయన్న విమర్శలు అప్పట్లో వచ్చాయి. అందుచేత ఏ పనికి ఎంతో ముందే రాసిపెట్టాలి. విద్యార్థి స్వయంగా రాసిన కొలతల కాగితాన్ని భద్రపరచాలి. అప్పుడు అదే దారం, అదే రాయితో మరో బడి ఉపాధ్యాయుడు వచ్చి సరిచూడగలడు.

పది పూర్తిచేసి ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో వెళ్లే పల్లె పిల్లల చేతికి అక్కడ మీటరు ఇస్తారు, సూత్రం ఒప్పజెబితే అది పనిచేయదు. కొలవడం, అనుమానించడం, తేల్చుకోవడం బడిలోనే అలవడాలంటే ముందు ప్రశ్నపత్రం మారాలి.