చుక్కాని లేని తెరచాప: విండ్‌సర్ఫింగ్ బోర్డు జీవిత కథ

తెరచాపకు వేల సంవత్సరాల చరిత్ర ఉన్నా, ఆ తెరచాపను మనిషి నిలబడి తన రెండు చేతులతో పట్టుకొని నడిపే విండ్‌సర్ఫింగ్ బోర్డు ఇరవయ్యవ శతాబ్దపు రెండవ సగంలో గాని పుట్టలేదు. ఒక పొడవాటి బోర్డు, దాని మధ్యలో ఎటైనా వంగే కీలు, ఆ కీలు మీద నిలిచే స్తంభం, స్తంభానికి తొడిగిన త్రికోణపు తెరచాప, తెరచాపకు రెండు వైపులా వంపు తిరిగి చేతులకు ఆధారమిచ్చే బూమ్ అనే గొట్టం, ఇవే దాని ముఖ్య భాగాలు. ఇంత కొద్ది సామగ్రితో గాలిని వశం చేసుకోవచ్చునని తెలియడం ఒక గొప్ప ఆవిష్కరణ కాగా, ఆ సరళతను వేగం కోసం వదులుకొని, తర్వాత కొంతవరకు తిరిగి తెచ్చుకోవడం ఈ సాధనం జీవిత కథలో మిగిలిన భాగం.

తెరచాప తెలుగువారికి కొత్త కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది; ఉత్తరాంధ్ర తీరంలో తేలికపాటి దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్పకు చిన్న తెరచాప ఎత్తి, తెడ్డుతో దారి మళ్లిస్తూ మత్స్యకారులు తరతరాలుగా వేటకు వెళ్లారు. అయితే ఓడలోనైనా తెప్ప మీదనైనా స్తంభం అడుగుభాగానికి బిగించి ఉంటుంది కాబట్టి, దిక్కు మార్చడానికి నీటిలో ఉండే చుక్కాని గాని తెడ్డు గాని తప్పనిసరి. విండ్‌సర్ఫింగ్ బోర్డు ఈ నియమాన్నే తొలగించింది.

ముగ్గురు నలుగురి చేతుల్లో పుట్టుక

ఈ సాధనానికి ఒకే జనకుడిని చూపడం సాధ్యం కాదు. 1958లో ఇంగ్లండులోని హేలింగ్ ద్వీపంలో పన్నెండేళ్ల పీటర్ చిల్వర్స్ అనే బాలుడు, ఎటైనా వాల్చగల తెరచాపను ఒక బోర్డుకు అమర్చి నీటి మీద తిరిగాడు. 1964లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన న్యూమన్ డార్బీ, భార్య నయోమీ సహకారంతో, గాలిపటం ఆకారపు తెరచాప గల బోర్డును తయారుచేశాడు. దానిని ఎలా కట్టుకోవాలో వివరిస్తూ అతడు రాసిన వ్యాసం 1965 ఆగస్టులో పాపులర్ సైన్స్ పత్రికలో వెలువడింది. ఇక నేటి రూపానికి మూలమైన నమూనాను కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హాయిల్ ష్వైట్జర్ కలిసి రూపొందించారు. వారిలో డ్రేక్ ఎక్స్-15 రాకెట్ విమానం మీద పనిచేసిన ఇంజనీరు కాగా, ష్వైట్జర్ కంప్యూటర్ వ్యాపారంలో ఉంటూ అలల మీద సర్ఫింగ్ చేసేవాడు. 1967 మేలో మరీనా డెల్ రే అనే చోట డ్రేక్ ఆ నమూనాను మొదటిసారి నడిపి చూడగా, 1968లో వారు దాఖలు చేసిన దరఖాస్తుకు 1970 జనవరిలో అమెరికా పేటెంటు లభించింది.

పేటెంటు అంటే కొత్త ఆవిష్కరణ మీద కొంతకాలం పాటు కర్తకు ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక హక్కు. 1973లో డ్రేక్ తన వాటాను 36,000 డాలర్లకు ష్వైట్జర్‌కు అమ్మివేశాడు. ఆ తర్వాత వ్యాపారం యూరప్‌లో ఎంతగా విస్తరించిందో హక్కుల తగాదాలు కూడా అంతగా పెరిగాయి. 1985లో బ్రిటన్ అప్పీలు న్యాయస్థానం, చిల్వర్స్ బోర్డును, డార్బీ వ్యాసాన్ని ముందే ఉన్న ఆధారాలుగా స్వీకరించి, అక్కడి పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది.

దిక్కు మార్చే కీలు

ఈ బోర్డు ప్రాణమంతా యూనివర్సల్ జాయింట్‌లో, అంటే ఏ దిక్కుకైనా వాలుతూ, తన చుట్టూ తాను తిరిగే కీలులో ఉంది. తెరచాప మీద గాలి బలమంతా ఒకే బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు భావిస్తే దానిని పీడన కేంద్రం అనవచ్చు. బోర్డు పక్కకు జారకుండా నీరు అడ్డుకునే బలం కేంద్రీకృతమైన బిందువును నిరోధ కేంద్రం అనవచ్చు. స్తంభాన్ని ముందుకు వాల్చినప్పుడు పీడన కేంద్రం నిరోధ కేంద్రాన్ని దాటి ముందుకు జరుగుతుంది కాబట్టి బోర్డు ముక్కు గాలికి దూరంగా మళ్లుతుంది. వెనక్కి వాల్చినప్పుడు బోర్డు తోక పక్కకు నెట్టబడి, ముక్కు గాలి వచ్చే దిక్కుకు తిరుగుతుంది. ఈ విధంగా చుక్కాని చేసే పనిని మనిషి దేహమే చేస్తుంది. అంతకంటె ముఖ్యంగా, భయం కలిగిన క్షణంలో బూమ్‌ను వదిలేస్తే తెరచాప నీటి మీద పడిపోయి, నెట్టే బలం వెంటనే ఆగిపోతుంది, బోర్డు మాత్రం పక్కనే తేలుతూ ఉంటుంది.

వేగం తెచ్చిన దూరం

తొలి విండ్‌సర్ఫర్ బోర్డు 12 అడుగుల పొడవు ఉండేది. పాలిథిలిన్ ప్లాస్టిక్‌తో తయారై, మోటుగా వాడినా తట్టుకునేది. 1976లో బహామాస్‌లో జరిగిన ప్రపంచ పోటీలో పదమూడేళ్ల రాబీ నైష్ గెలవడంతో ఈ క్రీడ పేరు మారుమోగింది, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పురుషులకు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మహిళలకు ప్రత్యేక పోటీగా చోటు దక్కింది. అదే కాలంలో హవాయి అలల మీద ఎగిరి దూకడానికి పొట్టి బోర్డులు, పాదాలను బిగించే పట్టీలు వచ్చాయి. పొట్టి బోర్డు ప్లేనింగ్ మీద ఆధారపడుతుంది, అంటే తగినంత వేగం అందినప్పుడు నీటిని చీల్చుకొని పోవడం మాని దాని పైభాగాన జారుతుంది. ఆ వేగానికి బలమైన గాలి కావాలి, గాలి తగ్గితే అది మనిషి బరువును కూడా మోయలేక మునిగిపోతుంది. వార్తలు, ప్రకటనలు అన్నీ ఈ సాహసాల చుట్టూ తిరగడంతో, సాధారణ గాలిలో సాయంత్రం పూట హాయిగా తిరిగి రావాలనుకునే మనిషికి ఈ ఆట తనది కాదనిపించింది. సాంకేతికంగా సాధనం ఎదుగుతున్న కొద్దీ దాన్ని వాడగలిగినవారు తగ్గిపోయారు.

తర్వాత ఈ సాధనాన్ని మళ్లీ సాధారణ మనిషి వైపు తిప్పిన మార్పులో డ్రేక్ పాత్ర కూడా ఉండటం విశేషం: జీవితపు మలిదశలో అతడు స్టార్‌బోర్డ్ సంస్థతో కలిసి వెడల్పాటి బోర్డుల రూపకల్పనలో పాల్గొన్నాడు. పాత 12 అడుగుల బోర్డు కూడా విండ్‌సర్ఫర్ ఎల్‌టీ అనే పేరుతో, సుమారు 15 కిలోల తేలిక నిర్మాణంతో, 5.7 చదరపు మీటర్ల తెరచాపతో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది.

మలి వయసుకు సరిపడే గాలి

పొడవాటి బోర్డు వయసు మళ్లినవారికి అనుకూలించడానికి భౌతిక శాస్త్ర కారణాలున్నాయి. దాని ఘనపరిమాణం 200 లీటర్లకు పైగా ఉండటం వల్ల, ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం, 80 కిలోల మనిషి కదలకుండా నిలుచున్నా అది మునగదు. గాలి బలం గాలి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది: గంటకు 1.852 కిలోమీటర్లను ఒక నాట్ అంటారు, 10 నాట్ల గాలిలో 5.7 చదరపు మీటర్ల తెరచాప చేతులను లాగే బలం సుమారు 9 కిలోల బరువుకు సమానం కాగా, 20 నాట్లలో అది నాలుగింతలై 36 కిలోలకు చేరుతుంది. కాబట్టి మెత్తని గాలిని ఎంచుకోవడం ఇక్కడ పిరికితనం కాదు, లెక్క తెలిసిన వివేకం.

ఆరంభం దగ్గరే ఈ ఆట స్వభావం తెలుస్తుంది. నీటిలో పడి ఉన్న తెరచాపను ఎత్తడానికి, స్తంభానికి రెండు వైపులా పాదాలు ఉంచి, వెన్ను నిటారుగా, మోకాళ్లు కొద్దిగా వంచి, ముడులు వేసిన తాడును పట్టుకొని దేహపు బరువును వెనక్కి వాల్చాలి. మొదట తెరచాప కదలదు, ఎందుకంటే దాని మీద నీరు నిలిచి ఉంటుంది. ఆ నీరు అంచు నుంచి జారిపోయే వరకు ఆగగలిగినవారికి తెరచాప తేలికగా పైకి లేస్తుంది, ఆగలేక నడుముతో గుంజినవారికి నొప్పి మిగులుతుంది. తర్వాత స్తంభాన్ని గాలి వైపుకు తెచ్చి, వెనక చేతితో బూమ్‌ను మెల్లగా దగ్గరికి లాక్కుంటే, బోర్డు ముక్కు కింద నీరు గలగలమంటూ ప్రయాణం మొదలవుతుంది. బలం కన్నా ఓర్పు, వేగం కన్నా సమతూకం ఎక్కువగా పనికొచ్చే చోట అనుభవజ్ఞులైన పెద్దవారు యువకులతో సమానంగా నిలబడగలరు.

అహోబిలం గాలి, సాగర్ గాలి

ఈ ఆటకు తగిన గాలి, నీరు తెలుగు నేల మీద ఎక్కడున్నాయని చూస్తే రాయలసీమ కూడా కనిపిస్తుంది. అది కరవు నేల కదా, అక్కడ ఈ ఆట ఎలా అన్న ప్రశ్నకు ఆ నేల భూగోళమే జవాబు చెబుతుంది. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు సీమకు వానను కొద్దిగా ఇచ్చినా గాలిని మాత్రం పుష్కలంగా ఇస్తాయి. ఆ గాలి కోసమే రామగిరి కొండల మీద 1990వ దశకం నుంచి గాలిమరలు వెలిశాయి. ఎర్రమల, నల్లమల కొండల మధ్య కుందూ నది లోయను దాటి వచ్చే పడమటి గాలి, అహోబిలాన్ని ఒడిలో దాచుకున్న నల్లమలకు తగిలి ఆగుతుంది. ఆ కొండల పాదాల దగ్గరే, 1983లో మద్రాసు దాహం తీర్చేందుకు కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న తెలుగు గంగ జలాశయం వెలుగోడు ఉంది, దాని సామర్థ్యం దాదాపు 17 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు.

గాలి, నీరు ఇక్కడ ఒకేసారి కలిసే కాలం మాత్రం పరిమితం. జూన్‌లో గాలి పుంజుకునే వేళకు జలాశయాలు వేసవి తర్వాత అడుగంటి ఉంటాయి. కృష్ణా నది వరద సాధారణంగా జూలై చివరికి, ఆగస్టుకు చేరి వాటిని నింపుతుంది. కాబట్టి రెండూ కలిసేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే. అందులోనూ ఎండ నేలను వేడి చేసి పై పొరల్లోని వేగవంతమైన గాలిని కిందికి దించే మధ్యాహ్నం కన్నా, ఉదయం వేళ గాలి మెత్తగా ఉంటుంది, పెద్దవారికి అదే మేలు. ఇవి సాగునీటి, తాగునీటి జలాశయాలు కనుక జలవనరుల శాఖ అనుమతి, తేలియాడే జాకెట్టు, గట్టు మీద కనిపెట్టుకొని ఉండే తోడు లేకుండా ఎవరూ నీటిలోకి దిగరాదు.

తెరచాపతో సాగే క్రీడకు తెలుగు నేల మీద నిలదొక్కుకున్న నెలవు హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్. 1560లలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఆ చెరువులో సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, హైదరాబాద్ యాచ్ క్లబ్ పడవ పందేలను పోషిస్తున్నాయి, రుతుపవనాల గాలి వీచే నెలల్లో జరిగే పోటీలకు దేశం నలుమూలల నుంచీ క్రీడాకారులు వస్తారు. అక్కడి శిక్షణా అనుభవం, సీమ గాలి, తెలుగు గంగ నీరు ఒకచోట కలిస్తే, పోటీలకు వయసు దాటిందని పక్కకు తప్పుకున్న మనిషికి కూడా గాలితో చెలిమి చేసే దారి దొరుకుతుంది. ఒక సాధనాన్ని దాని గరిష్ఠ వేగంతో కొలవడం తేలికే. ఎన్నేళ్ల వయసు వరకు అది మనిషికి తోడుండగలదో చూసి కొలవడం సరైనది, ఆ కొలత ప్రకారం మొదటి 12 అడుగుల బోర్డే ఈ కుటుంబంలో ఇప్పటికీ పెద్దది.